ముందు చూపిన ధరే చివర తీసుకోవాలి: ప్రయాణ బుకింగ్ యాప్‌ల ఆఫర్లపై బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ, చీఫ్ కమిషనర్ గారికి,
బస్సు, విమానం, హోటల్ బుకింగ్ యాప్‌లు నడుపుతున్న సంస్థల యాజమాన్యాలకు,

విషయం: పండగ ఆఫర్ల పేరుతో ప్రయాణికులను తప్పుదోవ పట్టిస్తున్న ప్రకటనలపై చర్య కోరుతూ.

నమస్కారం.

బెంగళూరు మారతహళ్లి వంతెన దాటి కొంచెం లోపలికి వస్తే మున్నేకొళాల. అక్కడ పదకొండేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మాది మదనపల్లె. ఆధార్ ప్రింట్లు, కరెంటు బిల్లులు, పిల్లల పరీక్ష ఫీజులతో పాటు ఊళ్లకు వెళ్లేవాళ్లు బస్సు టికెట్లు, తిరుపతిలో గదులు, ఎప్పుడైనా విమానం టికెట్లు బుక్ చేసుకోవడానికి సాయం చేస్తాను. రైలు టికెట్ల జోలికి పోను. వాటికి ఏజెంటు లైసెన్సు కావాలి, నాకు లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. కట్టడాల మీద పనిచేసే కర్నూలు, అనంతపురం మేస్త్రీలు, పీజీల్లో వంట చేసే గోదావరి జిల్లాలవాళ్లు, అపార్టుమెంట్లలో పనికి కుదిరిన శ్రీకాకుళం దంపతులు, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లలు. ఫోను వాళ్లదే, డబ్బూ వాళ్లదే. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ నొక్కకూడదో పక్కన నిలబడి చెప్పేదాన్ని నేను.

ఈ యాప్‌ల వల్ల మేలు జరగలేదని అనను. ఒకప్పుడు పండగ వస్తే మడివాళకో, కలాసిపాళ్యకో పోయి ట్రావెల్స్ ఆఫీసుల ముందు గంటలు గంటలు నిలబడేవాళ్లం. ఆ బాధ పోయింది. దాని చోట ఇంకో బాధ వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మొదట ఇది ఒక సంస్థకు రాసిన ఫిర్యాదు. యాప్ చాట్‌లో మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అక్షరం మారకుండా ఒకే జవాబు వచ్చింది. ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకు రసీదులు జతచేసి రెండు మెయిళ్లు పంపించాం. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. రెండు నెలలు దాటిపోయింది. అందిందన్న ముక్క కూడా రాలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క పేరు రాస్తే మిగతావాళ్లు తమకు సంబంధం లేదనుకుంటారు. నా షాపులో ఇదే తీరు వేరే యాప్‌లలో కూడా చూశాను.

జరిగింది ఇదీ. సంక్రాంతి ముందు, ఇక్కడి అపార్టుమెంటులో సెక్యూరిటీగా చేసే ఒకాయన షాపుకు వచ్చాడు. ఆయన, భార్య, అత్తగారు రాజమండ్రి వెళ్లాలి. ఆయన ఫోనుకు మంచి తెలుగులో ఒక నోటిఫికేషన్ వచ్చింది. సంక్రాంతికి సొంతూరు, బస్సు టికెట్లపై 600 తగ్గింపు అని. "అక్కా, రేపటికి ఉండదంట, ఇప్పుడే చేసేద్దాం" అన్నాడు. మొహంలో పండగ అప్పుడే వచ్చేసింది.

సీటు పన్నుతో కలిపి 1,899 రూపాయలు. మూడు సీట్లకు 5,697. ఆఫర్ కోడ్ కొట్టగానే 600 ఆదా చేశారని పచ్చ అక్షరాల్లో వచ్చింది. తీరా డబ్బు కట్టే పేజీకి వచ్చాక తగ్గింది 150. మిగతా 450 కాయిన్ల రూపంలో యాప్ వాలెట్‌లోకి వస్తాయట, అదీ ప్రయాణం పూర్తయ్యాక. వాటి గడువు 30 రోజులు. ఒక్కో బుకింగులో టికెట్ ధరలో పదో వంతుకు మించి వాడకూడదు. అంటే ఆ 450 రూపాయల ఫలితం దక్కాలంటే సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన మనిషి నెల తిరిగేలోగా మళ్లీ 4,500 రూపాయల టికెట్లు కొనాలి. ఆయన ఊరెళ్లేది ఏడాదికి రెండుసార్లు. ఈ షరతు ఎక్కడుందని తర్వాత కూర్చుని వెతికాను. 'టీ అండ్ సీ' అన్న చిన్న అక్షరాలు నొక్కితే ఇంగ్లిషులో 18 పాయింట్లు తెరుచుకున్నాయి. అందులో 11వది.

దాంతో ఆగలేదు. మనిషికి 29 చొప్పున ప్రయాణ బీమా 87 రూపాయలు, ముందే టిక్ పెట్టి ఉంది. కన్వీనియన్స్ ఫీజు 120. ఏదో సేవా కార్యక్రమానికి విరాళం 5. ఆ టిక్కులు తీయించాలని నేను చెయ్యి చాపేలోపే ఆయన డబ్బు కట్టేశాడు. తప్పు ఆయనది కాదు. పైన ఎర్రగా నాలుగు నిమిషాల గడియారం తిరుగుతోంది, ఈ బస్సును ఇప్పుడు 43 మంది చూస్తున్నారని కింద మెరుస్తోంది. పండగ సీటు చేజారుతుందంటే ఎవరి చెయ్యి ఆగుతుంది? యూపీఐలో పోయింది 5,759. ఆరు వందలు తగ్గుతుందని వచ్చిన మనిషి, మొదట చూపిన ధర మీద 62 రూపాయలు ఎక్కువ కట్టాడు.

మర్నాడు అదే ట్రావెల్స్ వాళ్ల కౌంటరు దగ్గర ఆగి అడిగాను. అదే బస్సు, అదే రోజు, సీటు 1,750. మూడింటికి 5,250. ఏ ఆఫరూ లేకుండా పది నిమిషాలు నడిచి వెళ్లి కొనుక్కుని ఉంటే 509 రూపాయలు మిగిలేవి. అది ఆయన ఒక రోజు జీతం. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడితే వచ్చేది. ధర పెంచి చూపించి, పెంచిన దాంట్లోంచే కొంత తీసి, దానికి తగ్గింపు అని పేరు పెడితే దాన్ని తగ్గింపు అని ఎలా అంటారు?

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ప్రకటన తెలుగులో, షరతులు ఇంగ్లిషులో. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. సొంతూరు, అమ్మ చేతి అరిసెలు, గోదావరి గట్టు అని మన భాషలో, మన మనసుకు తగిలేలా రాయగలిగినవాళ్లకు 'ఇది నగదు కాదు, 30 రోజుల తర్వాత చెల్లదు' అన్న ఒక్క వాక్యం తెలుగులో రాయడం చేతకాదా? 2022 జూన్ 9న సీసీపీఏ తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెప్పాయి. ప్రకటనలో చెప్పిన గొప్ప ఏ భాషలో ఉందో, దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. అక్షరాలు కూడా అలాగే ఉండాలి. షరతు అనేది చెప్పిన మాటను వివరించాలే తప్ప దాన్ని తలకిందులు చేయకూడదు, ముఖ్యమైన సంగతిని దాచకూడదు. 'షరతులు వర్తిస్తాయని రాశాం కదా' అని చాట్‌లో మాకు వచ్చిన జవాబు ఈ నియమం ముందు నిలవదు. 600 అని తెలుగులో పెద్దగా చెప్పి, 150 అని ఇంగ్లిషులో చిన్నగా చెప్పడం వివరణ కాదు. మా షాపుకు వచ్చేవాళ్లలో తెలుగు గడగడా చదివేవాళ్లున్నారు. పదో తరగతి, ఇంటరు చదివినవాళ్లున్నారు. వాళ్లు చదువురానివాళ్లు కారు. వాళ్లు చదవగలిగిన భాషలో అబద్ధం రాసి, చదవలేని భాషలో నిజం రాస్తున్నారు.

2. కాయిన్లు రూపాయలు కావు. కిరాణా కొట్లో కాయిన్లు ఇస్తే పాలు ఇవ్వరు. అయినా ప్రకటనలో రూపాయల లెక్కే చూపిస్తారు. ఇది కొత్త వాదన కాదు. మన బెంగళూరు నుంచే నడిచే ర్యాపిడో సంస్థకు 2025 ఆగస్టులో సీసీపీఏ 10 లక్షల జరిమానా వేసింది. అయిదు నిమిషాల్లో ఆటో రాకపోతే 50 రూపాయలు అని ప్రకటించి, తీరా ఇచ్చింది 50 'వరకు', అదీ కాయిన్ల రూపంలో, వారం గడువుతో, బైకు ప్రయాణాలకు మాత్రమే చెల్లేలా. ఆ 50 రూపాయలు అందని వినియోగదారులకు చెల్లించమని కూడా ఆదేశించారు. ఆటో ప్రయాణంలో 50 రూపాయలకు తప్పయినది, బస్సు టికెట్‌లో 450కి ఒప్పెలా అవుతుంది?

3. తొందరపెట్టడం, అడగనివి బుట్టలో వేయడం. కొనేవాళ్లను యాప్‌లో మాయచేసే పద్ధతులను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. వాటిపై 2023 నవంబరు 30న సీసీపీఏ తెచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను నిషేధించాయి. ఆ మార్గదర్శకాల అనుబంధంలోని ఉదాహరణలు చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. విమానం టికెట్ కొంటుంటే ప్రయాణ బీమా దానంతట అదే చేరిపోవడం, పేజీలో ఒక ధర చూపించి డబ్బు కట్టేటప్పుడు ఇంకో ధర తీసుకోవడం, బీమా వద్దంటే 'నేను రక్షణ లేకుండానే ఉంటాను' అని మనిషి చేత నొక్కించి సిగ్గుపడేలా చేయడం. ఈ మూడూ ప్రయాణ టికెట్ల ఉదాహరణలే! విరాళాన్ని అడగకుండా చేర్చడం కూడా అందులో ఉంది. అయ్యా, రోగం పేరు రాశారు, రోగి ఎవరో కూడా దాదాపు రాశారు. మందు మాత్రం మా దాకా రాలేదు. మొన్న ఒక కుటుంబం తిరుపతిలో గది చూస్తుంటే 'చివరి ఒక్క గది' అని వచ్చింది. అనుమానం వచ్చి ఆ హోటల్‌కు ఫోను చేయించాను. ఎన్ని కావాలమ్మా, పదకొండు ఖాళీగా ఉన్నాయన్నాడు గుమాస్తా.

4. డబ్బు కడితే వచ్చే 'ఫ్రీ'. విశాఖ నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి విమానం టికెట్ కొంటూ 'ఫ్రీ క్యాన్సిలేషన్' చూసి సంతోషపడింది. దానికి 449 రూపాయలు. సరే, అత్యవసరానికి పనికొస్తుందని కట్టింది. సెలవు దొరకలేదని ప్రయాణానికి ముందు రోజు రాత్రి రద్దు చేసింది. 24 గంటల ముందే చేయాలట. చివరికి 4,800 రూపాయల టికెట్‌కు తిరిగి వచ్చింది 612, అదీ బ్యాంకు ఖాతాకు కాదు, యాప్ వాలెట్‌కు. వినియోగదారుడు డబ్బు కట్టాల్సి వచ్చే దాన్ని ఉచితం అని పిలవకూడదని 2022 మార్గదర్శకాలే చెబుతున్నాయి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల్లో కూడా రిఫండును నగదుగా కాకుండా క్రెడిట్‌గా ఉంచుకోవడం ప్రయాణికుడి ఇష్టమే తప్ప సంస్థ ఇష్టం కాదు. ఏజెంటు ద్వారా కొన్నా రిఫండు బాధ్యత విమాన సంస్థదే. ఆ అమ్మాయికి ఈ సంగతులు ఎవరు చెప్పారు? యాప్ ఆమెను విమాన సంస్థ దగ్గరికి పొమ్మంది, విమాన సంస్థ యాప్ దగ్గరికి పొమ్మంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలంతా ఫోను పట్టుకుని కూర్చునేది.

5. ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటేనే తగ్గింపు. ఈ ఒక్క షరతు ముందే కనిపించేలా రాస్తే మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ ఆఫర్ కోసం ఆశపడరు. ఆ కార్డు ఉండాలని వాళ్లకు తెలిసేది పేరు, వయసు, సీటు అన్నీ ఎంచుకున్నాక. అప్పటికి వెనక్కి తగ్గే ఓపిక ఉండదు, ఉన్న ధరకే కొంటారు. అందుకే అలా పెట్టారని నా గట్టి నమ్మకం.

6. పోయిన డబ్బు కోసం పోరాడలేకపోవడం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. మంచి చట్టమే. కానీ 509 రూపాయల కోసం రోజు కూలి వదులుకుని తిరిగేదెవరు? ఒక్కొక్కరి దగ్గర పోయేది చిన్న మొత్తం కాబట్టే ఈ పద్ధతి సాగుతోంది. విడివిడిగా పోరాడలేనివాళ్లందరి తరఫున, ఒక వర్గంగా నిలబడి హక్కులు కాపాడాలనే కదా 2019 వినియోగదారుల రక్షణ చట్టం పదో సెక్షన్ కింద సీసీపీఏను పెట్టింది.

ఇంకో నష్టం ఉంది, దానికి అంకె వేయలేను. ఆ సెక్యూరిటీ ఆయన ఇప్పుడు నన్ను నమ్మడం తగ్గించాడు. ఏమీ అనలేదు, అనే మనిషి కాదు. కానీ ఉగాదికి టికెట్ ఇంకెవరి దగ్గరో చేయించుకున్నాడు. ఆయన అత్తగారు మాత్రం అడిగిందట, ఆ ఆరు వందలు ఎవరు తీసుకున్నారని. పదకొండేళ్ల నుంచి ఈ వీధిలో ఎవరి దగ్గరా పది రూపాయలు ఎక్కువ తీసుకోలేదు నేను. ఎవరో చేసిన మాయకు మధ్యలో ఉన్న నేను దొంగలా నిలబడాల్సి వచ్చింది. ఇలాంటి షాపులు ఈ ఊళ్లో వీధికొకటి ఉన్నాయి.

రుసుము తీసుకోవడమే తప్పని నేను అనడం లేదు. సేవకు డబ్బు అడగడం న్యాయమే, నేనూ అడుగుతాను. రైల్వే వాళ్ల ఐఆర్‌సీటీసీ 2019 సెప్టెంబరులో కన్వీనియన్స్ ఫీజు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఏసీ కాని తరగతికి 15, ఏసీకి 30, యూపీఐతో కడితే 10, 20 అని ప్రకటించింది, దాని మీద పన్ను అదనం. ఇష్టమున్నా లేకపోయినా ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది. మీ యాప్‌లో ఆ ఫీజు ఒక రోజు 60, పండగ రోజు 120 ఎందుకవుతుందో మాకు తెలియదు, అడిగితే చెప్పేవాళ్లూ లేరు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. మొదటి నాలుగు సీసీపీఏకు, తర్వాతివి సంస్థలకు.

1. ప్రయాణ బుకింగ్ యాప్‌ల పండగ ఆఫర్లపై మీ అంతట మీరే విచారణ చేపట్టండి. ఫిర్యాదు కోసం ఎదురుచూడనవసరం లేని అధికారం చట్టం మీకిచ్చింది. 21వ సెక్షన్ కింద మొదటి తప్పుకు 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. జరిమానాతో ఆపకుండా, ర్యాపిడో విషయంలో చేసినట్టు ప్రయాణికుల డబ్బు ప్రయాణికులకు ఇప్పించండి. లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్ల డబ్బు తిరిగి ఇవ్వాలని 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత, ప్రయాణ సైట్ల దగ్గర ఆగిపోయిన సొమ్మును వెంటపడి రాబట్టింది మీరే. మీకు చేతకాని పని కాదిది.

2. డార్క్ ప్యాటర్న్స్ ఉన్నాయో లేదో మూడు నెలల్లో సొంతంగా తనిఖీ చేసుకోమని 2025 జూన్‌లో ఇ-కామర్స్ సంస్థలకు సూచన ఇచ్చారు. తన పరీక్ష పేపరు తానే దిద్దుకునే తనిఖీ చాలదు. బయటివాళ్ల చేత, పండగ వారంలో, మామూలు ప్రయాణికుడి ఫోనులో చేయించండి.

3. తెలుగు, కన్నడం, తమిళం, ఏ భాషలో ప్రకటన పంపితే ఆ భాషలోనే పూర్తి షరతులు ఉండాలన్న నియమాన్ని నోటిఫికేషన్లకు, ఎస్సెమ్మెస్‌లకు కూడా వర్తింపజేస్తూ ఉత్తర్వు ఇవ్వండి.

4. కాయిన్లు, వాలెట్ పాయింట్లను రూపాయల తగ్గింపుగా ప్రకటించడం నిషేధించండి.

5. సంస్థలు మొదటి పేజీలోనే మనిషి చివరికి కట్టాల్సిన మొత్తాన్ని చూపించాలి. బీమా, విరాళం టిక్కులు ఖాళీగా ఉండాలి. ముందే టిక్ పెట్టి సమ్మతి తీసుకోకూడదని 2020 నియమాల్లో ఎప్పుడో రాసి ఉంది.

6. రద్దు చేసిన టికెట్ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోవాలి.

7. ఫోను ఎత్తి తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడే మనిషిని పెట్టండి. ప్రకటన రాయడానికి తెలుగువాళ్లు దొరికినప్పుడు ఫిర్యాదు వినడానికీ దొరుకుతారు.

ఇక ఆ ఒక్క సంస్థకు. మీరెవరో మీకు తెలుసు. బుకింగ్ నంబరు మీకు పంపిన రెండు మెయిళ్లలోనూ ఉంది. ఆ 450 కాయిన్ల గడువు తీరిపోయింది. ఈ లేఖ వెలువడిన 15 రోజుల్లో ఆ 450 రూపాయలు, అడగకుండా తీసుకున్న బీమా, విరాళం 92 రూపాయలు ఆయన బ్యాంకు ఖాతాలో వేయండి. వేయకపోతే ఆయన బెంగళూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తారు. నివసించే చోటే వేసుకోవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది, గడువు రెండేళ్లుంది. ఆయనతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్లు, రసీదులు, కౌంటరు ధర చీటీ అన్నీ మూడేసి కాపీలు తీసి కవరులో పెట్టాను. విచారణ రోజు ఆయన పోగొట్టుకునే కూలి నేనిస్తాను.

ఇట్లు,
మున్నేకొళాలలో జిరాక్స్ షాపు నడుపుతున్న ఒక మదనపల్లె మనిషి,
బెంగళూరు